పద్దెనిమిది మందికి ఒకే నంబరు

"డేటా తప్పుగా ఉందండీ, అందుకే ఫలితం తప్పొచ్చింది" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న మా వీధిలో కంప్యూటర్ ఉద్యోగం చేసే ఒకాయన సరిగ్గా ఇదే మాట నాతో అన్నాడు. తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టి, గంటసేపు ఆయన్ను వదల్లేదు. పాపం, ఆయన మాట్లాడింది తన ఆఫీసు సంగతి. నేను తిట్టింది మాత్రం నన్ను నేనే.

నేను ఆదోనిలో ఆరోగ్య శాఖకు చెందిన ఒక కార్యాలయంలో స్టాటిస్టికల్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. కాపురం ఎమ్మిగనూరులో. పొద్దున ఎనిమిది గంటల బస్సు, సాయంత్రం ఐదుంబావు బస్సు. ఇరవై ఏళ్ల పైచిలుకు ఆ రెండు బస్సుల మధ్యే బతికాను. చివరి ఏళ్లలో నా పని గర్భిణుల జాబితా. ఊళ్లలో ఆశా వర్కర్లు ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపి తెస్తారు. వాటిని మేం కంప్యూటర్లో ఎక్కిస్తాం. రక్త పరీక్షల ఫలితాలు ల్యాబు నుంచి నేరుగా మా దగ్గరికే వస్తాయి, వాటిని ఇంకో పట్టికలో ఎక్కిస్తాం. రెంటినీ కలిపేది ఒక వరుస నంబరు. ప్రతి నెలా తొమ్మిదో తారీకున పెద్దాసుపత్రిలో గర్భిణులకు పరీక్షలు జరుగుతాయి. ఏ ఊరి నుంచి ఎవరిని తీసుకురావాలో, అందులో ఎవరు ప్రమాదంలో ఉన్నారో చెప్పేది నేను తీసిచ్చే లిస్టు. ఆ లిస్టు చేతబట్టుకునే బండి ఊళ్లమీద పడుతుంది. లిస్టులో పేరు లేకపోతే బండి ఆగదు.

ఒక నెల మొదట్లో పై ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. మీ లెక్కలో డబుల్ ఎంట్రీలు ఎక్కువున్నాయి, వెంటనే తీసేయండి అని. అది అబద్ధం కాదు. మా వైపు ఆడపిల్ల నెల తప్పితే అత్తగారి ఊళ్లో ఒకసారి పేరు రాస్తారు. ఏడో నెలలో పుట్టింటికి పోతే అక్కడి ఆశా వర్కరు మళ్లీ రాస్తుంది. ఒక మనిషి రెండు వరుసల్లో ఉంటుంది. మా ఆఫీసరు తాఖీదు పట్టుకుని నా బల్ల దగ్గరికే వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, అంకె తగ్గిందంటే చాలు, పండగ చేసుకునే రకం.

"ఏమప్పా, ఈ డబుల్‌వన్నీ ఈ పొద్దే తీసెయ్యల్ల. రేపు పొద్దన్నే నేను పైకి చెప్పల్ల" అన్నాడు.

అప్పుడు నాలుగు గంటలైంది. నా బస్సు ఐదుంబావుకు.

ఒకే ఫోన్ నంబరు రెండు వరుసల్లో కనిపిస్తే ఆ రెండూ ఒకే మనిషివి అనుకున్నాను. ముందు ఎక్కించిన దాన్ని ఉంచి, తర్వాత వచ్చినవాటిని తీసెయ్యమని క్వెరీ రాశాను. క్వెరీ అంటే కంప్యూటర్‌కు మనం వేసే ప్రశ్న, ఒక్కోసారి మనం ఇచ్చే ఆజ్ఞ. తీసెయ్యబోయేవాటిని ముందు ఒకసారి తెర మీద చూపించమని అడిగి ఉంటే రెండు నిమిషాల పని. కాపీ ఒకటి పక్కన పెట్టుకుని ఉంటే ఐదు నిమిషాల పని. రెండూ చెయ్యలేదు. మొత్తం అంకె మాత్రం చూశాను, బాగా తగ్గింది. కొత్తగా చేరిన పిల్లలకు "తీసే ముందు చూడండి, చూసే ముందు దాచండి" అని నూరిపోసిన పెద్దమనిషిని నేనే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారే, అదీ నా సంగతి. బస్సు మాత్రం అందుకున్నాను. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది.

మర్నాడు ఆఫీసరు బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ తెప్పించి అందరికీ పెట్టించాడు. డివిజన్లో డబుల్ ఎంట్రీలు బాగా తగ్గించింది మేమేనట. నేనూ తిన్నాను. రెండో బజ్జీ కూడా అడిగి వేయించుకున్నాను.

తొమ్మిదో తారీకు పోయి పదో తారీకు వచ్చింది. పొద్దున పదిగంటలకు ఆస్పరికీ దేవనకొండకూ మధ్య ఉన్న ఒక చిన్న ఊరి ఆశా వర్కరు మా ఆఫీసులో దిగింది. నలభై దాటిన మనిషి. భుజాన సంచి, చేతిలో మూత ఊడిన నీళ్ల సీసా. ఎప్పుడొచ్చినా గుమ్మం పక్కన నిలబడి, పిలిచేదాకా లోపలికి రాని మనిషి ఆరోజు నేరుగా నా బల్ల దగ్గరికొచ్చింది.

"సార్, నిన్న బండి వచ్చి మా ఊర్లో ఒక్కత్తెనే ఎక్కిచ్చుకోని పొయ్యింది. మా ఊర్లో పద్దెనిమిది మంది గదా సార్ కడుపుతో ఉండేది. ఈ నెల పరీచ్చకు రావల్సిన ఆరుమందిని రోడ్డుకాడ నిలబెట్టుకోని ఉన్న్యా. డ్రైవర్ను అడిగితే లిస్టులో ఒగటే పేరుండాది, మిగతావోళ్లు నాకు తెల్దు అన్న్యాడు" అంది.

ఊరి పేరు కొట్టి చూశాను. ఒక్కటే పేరు. కింద ఉన్న ఫోన్ నంబరు చూసి, ఎందుకో అనుమానమొచ్చి, "ఈ నంబరు ఎవరిదమ్మా?" అన్నాను.

"నాదే సార్."

"మిగతావాళ్లకు ఏ నంబరు ఇచ్చావు?"

"అందరికీ నాదే ఇచ్చినా."

పద్దెనిమిది మంది, ఒక నంబరు. నా క్వెరీ వాళ్లందరినీ ఒకే మనిషి అనుకుంది. మొదటామెను ఉంచి పదిహేడు మందిని తుడిచేసింది.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "తప్పు నాదమ్మా" అని కాదు. "అందరికీ నీ నంబరు ఎట్లా ఇస్తావమ్మా, బుద్ధుందా?" అన్నాను. నా గొంతు విని ఆఫీసరు గదిలోంచి బయటికొచ్చాడు. సంగతి విని గట్టిగా అరిచాడు.

"ఫాల్స్ నంబర్లు రాసిస్తావా? నీకు మెమో ఇస్తా చూడు."

ఆమె బెదరలేదు. సంచి కింద పెట్టి నెమ్మదిగా చెప్పింది.

"వాళ్లకు ఫోన్లు యాడుండాయి సార్? ఇంటికి ఒగటుంటే అది మొగునితో పాటు సుగ్గికి పొయ్యింది. లేదని రాస్తే మీ కంప్యూటర్ ఒప్పుకోదంట, పది అంకెలు పడాల్సిందేనంట. సున్నాలు కొడితే వద్దంటాదంట. ఇంగ ఎవరిది ఇయ్యల్ల? నా నంబరిస్తే, మీరు చేస్తే, నేను పోయి సెప్తా. ఇదివరకూ అట్లనే గదా సెప్తాండాను."

సుగ్గి అంటే తెలియనివాళ్లకు చెబుతాను. మా వైపు వానలు మొండిచెయ్యి చూపితే ఊళ్లకు ఊళ్లు మిరపకాయల కోతలకని గుంటూరు వైపు పోతాయి. మగవాడు పోతే ఫోనూ పోతుంది. ఇంట్లో మిగిలిన గర్భిణికి మనం రాసుకున్న 'సరైన' నంబరు రెండు మూడు జిల్లాల అవతల మిరపతోటలో మోగుతుంటుంది.

ఆఫీసరు మెమో టైపు చెయ్యమని చెప్పి లోపలికి పోయాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. దానికి నన్ను నేను ఈరోజుకీ క్షమించుకోలేదు.

ఆమె మాత్రం కదల్లేదు. "మెమో సంగతి మల్ల చూద్దాం సార్. అందర్లో ఒగ పిల్లకు రక్తం లేదని నాకు అనుమానం. మొగం తెల్లగా పాలిపొయ్యింటాది, మెట్లెక్కితే ఆయాసం. పరీచ్చలో ఎంత వచ్చిందో రోంత చూసి సెప్పు సార్. ఆ ఫలితాలు మాకియ్యరు గదా" అంది.

ఎక్కడ చూడాలి? ఫారాల కట్టలన్నీ పై ఆఫీసుకు పంపేశాం. కాపీ లేదు. ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు గుర్తొచ్చింది, నేను తుడిచింది మనుషుల పట్టికనే. రక్త పరీక్షల పట్టిక జోలికి పోలేదు. ఏ మనిషికీ అతకని పరీక్షలేమైనా ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయి. ఆ ఊరివి సరిగ్గా పదిహేడు. పేర్లు లేవు. ఊరి కోడుతో మొదలయ్యే వరుస నంబరు, ల్యాబువాళ్లు సీసా మీద రాసిన వయసు, రక్తం పాళ్లు. అంతే. తల్లి పేరు లేని పదిహేడు రక్తపు చుక్కలు తెరమీద నిలబడ్డాయి.

పైనుంచి పదో వరుసలో హిమోగ్లోబిన్ ఐదు పాయింట్ ఎనిమిది. ఆ పాళ్లతో నొప్పులు మొదలైతే తల్లి బతకడం కష్టం. ల్యాబు నెల కిందటే దాన్ని పంపింది. ఆ ఐదు పాయింట్ ఎనిమిది ఎవరు? మేం వరుస నంబర్లు వేసేది ఫారాలు రాసిన క్రమంలోనే.

"నువ్వు ఫారాలు ఏ వరుసలో రాస్తావమ్మా?" అని అడిగాను.

"పడమటి వీధి మొదటింటి కాణ్ణుంచి తూర్పు కడా ఇల్లు వరకు సార్. ఎప్పుడైనా అంతే. పోలియో చుక్కలకైనా అంతే."

"అయితే అదే వరుసలో చెప్పు. మొదటామె లిస్టులో ఉంది. రెండో ఆమె నుంచి."

ఆమె కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. వేళ్ల కణుపులు లెక్కపెడుతూ ఇల్లిల్లూ చెప్పుకుంటూ పోయింది. ఫలానా వాళ్ల కోడలు, ఫలానా రేకులింటి పిల్ల. నేను కాగితం మీద రాసుకుంటూ పోయాను. పదో పేరు చెప్పింది. ఆమె అనుమానపడ్డ పాలిపోయిన పిల్ల.

"సూడు సార్, నేను సెప్పలా" అంది.

అందరం ఊపిరి పీల్చుకున్నాం. పక్క బల్ల గుమాస్తా కూడా లేచి వచ్చి, "దొరికింది కదన్నా, ఇంక బండి పంపిద్దాం" అన్నాడు. నేనూ ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఇక్కడే, చదివే పిల్లలారా, ఇక్కడే జాగ్రత్త. మనం అనుకున్నదే జవాబుగా వచ్చినప్పుడు ఎవడూ రెండోసారి చూడడు. నేను మొదటిసారి చూడకపోయినందుకే ఇంత అయింది కాబట్టి, ఈసారి ఫోను కింద పెట్టాను.

"ఆ పిల్ల వయసెంత?"

"పంతొమ్మిదుంటాయి సార్. మొదటి కాన్పు."

పదో వరుసలో వయసు ఇరవై ఏడు.

మొదటి నుంచీ వయసులు సరిచూశాం. ఐదో వరుస దాకా చక్కగా కుదిరాయి. ఆరు నుంచి ఒక్కటీ కుదర్లేదు. "సీసాల మీద వయసు తప్పు రాసింటారులే అన్నా, డేటా అంటే అట్లే ఉంటాది" అన్నాడు గుమాస్తా. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఐదు సరిగ్గా రాసినవాడు ఆరు నుంచి వరసపెట్టి పన్నెండు తప్పు రాస్తాడా? తప్పు యాదృచ్ఛికంగా పడితే చెల్లాచెదురుగా ఉంటుంది. ఇది ఒకచోట మొదలై కడదాకా పోతోంది. అంటే ఒక మనిషి జారిపోయింది.

"నువ్వు చెప్పిన ఆరో ఆమె, ఫారాలు రాసిన రోజు ఇంట్లోనే ఉందా?"

ఆమె మళ్లీ వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంది. "లేదు సార్. ఆ పొద్దు ఆమె పత్తి ఏరేకి పొయ్యింది. మాపటేళ వచ్చినాక రాసినా. ఆమెను కడాకు పెట్టుకో."

ఆరో పేరును కింద రాశాను. మిగతావన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి. వయసులన్నీ తాళానికి చెవి పట్టినట్టు పట్టాయి. పాలిపోయిన పిల్ల తొమ్మిదో వరుసకు పోయింది, ఆమెకు ఎనిమిది చిల్లర. మందులతో సర్దుకునే సంగతి. పదో వరుసకు ఆమె పక్కింటి మనిషి వచ్చింది. ఇరవై ఏడేళ్లు, మూడో కాన్పు.

ఆశా వర్కరు నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "ఆమెనా? ఆమె గుండ్రాయి మాదిరి ఉంటాది సార్. తలమీద ఒగ బిందె, సంకలో ఒగ బిందె పెట్టుకోని నడుస్తాది. నల్లని మనిషి, మొగంలో ఏం తెలుస్తాది." తర్వాత గొంతు తగ్గించి, "ఆమె ఊర్లో లేదు. పోయిన వారం పుట్టింటికి పొయ్యింది. తొమ్మిదో నెల" అంది.

పుట్టిల్లు ఎమ్మిగనూరు. మగ్గాల వీధి. అంతవరకే ఆమెకు తెలుసు.

ఆరోజు మొదటిసారి నేను మధ్యాహ్నం బస్సుకు ఇంటి దారి పట్టాను, ఆమెను వెంటబెట్టుకుని. ఆఫీసరు అనుమతి సంతకం కోసం ఆగలేదు. మగ్గాల వీధిలో మూడిళ్లు అడిగితే నాలుగో ఇల్లు చూపించారు. మనిషి ముంగిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. నిజంగానే గుండ్రాయే. నేను సంగతి చెబితే వాళ్లమ్మ నా మీదికి లేచింది.

"ఏమప్పా, నిక్షేపంగా ఉండే బిడ్డను పట్టుకోని చచ్చిపోతాది అంటావా? పరీచ్చ చేసి నెలాయె. అంత ప్రమాదముంటే ఫోన్ చేసి సెప్పేకి మీకేమైంది?"

కూతురు నన్ను కిందా మీదా చూసి, "ఈ సార్ ఎవరో నాకు తెల్దు. ఆశక్క రమ్మంటే వస్తా" అంది.

ఆశక్క ఆమె పక్కన చతికిలబడి, కనురెప్ప కింద వేలితో లాగి చూసి, "లెయ్యి పాపా, పోదాం" అంది. అంతే. చేట పక్కన పెట్టి లేచింది.

ఆదోనిలో రెండు దఫాలు రక్తం ఎక్కించారు. పదకొండు రోజులకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. డాక్టరమ్మ నాతో ఒకే మాట అంది, "ఇట్లే నొప్పులతో వచ్చింటే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదండీ" అని. మిగతా ఊళ్లలో నేను తుడిచేసినవాళ్లను ఇదే పద్ధతిలో ఒక్కొక్కరినీ వెనక్కి తెచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. అది నా తెలివి కాదు, వాళ్ల అదృష్టం.

ఇంతా అయ్యాక మీటింగు పెట్టారు. అందరు ఆశా వర్కర్లనూ పిలిచి, ఆమెను నిలబెట్టి, మెమో చదివి వినిపించారు. తప్పుడు సమాచారం ఇచ్చినందుకట. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. ఆ అంకె తగ్గినందుకు పైనుంచి వచ్చిన మెచ్చుకోలు ఉత్తరం అప్పటికీ మా నోటీసు బోర్డులోనే ఉంది.

ఈసారి నేను లేచాను. "సార్, తుడిచింది నేను. చూడకుండా తుడిచాను. మెమో నాకు ఇవ్వండి" అని రాసి తెచ్చిన కాగితం బల్లమీద పెట్టాను. ఆఫీసరు కూర్చోమన్నాడు. కూర్చోలేదు. జాబితాలో 'సరైన' నంబర్లున్న ముగ్గురిని ఎంచి, అందరి ముందూ స్పీకరు పెట్టి ఫోను చేశాను. మొదటిది స్విచ్చాఫ్. రెండోది బెంగళూరులో ఎవరో ఎత్తి కన్నడంలో కోప్పడి పెట్టేశాడు. మూడోదాన్ని ఒకతను ఎత్తాడు.

"నేను గుంటూరు పక్క ఉండాను సార్. ఇంటిదానికి ఏమైనా అయ్యిందా? నాకెవరు సెప్తారు?" అన్నాడు భయంగా.

అతన్ని సముదాయించి పెట్టేశాక, మేం ఫాల్స్ అని రాసిన నంబరు కొట్టాను. గది చివర నిలబడ్డ ఆమె సంచిలోంచి ఫోను తీసి మొదటి రింగుకే ఎత్తింది. "సెప్పండి సార్, ఎవరింటికి పోవల్ల?" అంది. అలవాటు.

ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అదంతా సరేప్పా. రూలంటే రూలే" అన్నాడు. నా కాగితం ఏ ఫైల్లో పోయిందో తెలియదు. మెమో మాత్రం ఆమె సర్వీసు కాగితాల్లో భద్రంగా ఉంది. ఆ తర్వాత నెలకు కంప్యూటర్లో కొత్త కట్టడి వచ్చింది. ఒక నంబరు ఒక్కరికే. రెండోసారి కొడితే తీసుకోదు. పనికొచ్చే ఒక్క నంబరునూ పనికిరాకుండా చేసి, డేటా శుభ్రమైందని మళ్లీ ఉత్తరం తెచ్చుకున్నారు. మళ్లీ ఉగ్గాని తెప్పించారు. ఆ రోజు నేను పస్తున్నాను.

కొత్తగా ఈ పనిలో చేరే పిల్లలు నన్ను అడుగుతుంటారు, తప్పులతడక డేటాలోంచి నమ్మదగ్గ జవాబు ఎలా రాబట్టాలి సార్ అని. ఆ తప్పు ఎవరు, ఏ అవసరంతో రాశారో పోయి అడగండి నాయనా అంటాను. వాళ్లు నోట్సు రాసుకోవడానికి పెన్ను తీసి, మళ్లీ జేబులో పెట్టుకుంటారు.

రిటైరైన మరుసటి ఏడు, అంటే మొన్నమొన్ననే, ఆశక్క మా ఇంటికి ఫోన్ చేసింది. "సార్, మీరేమీ అనుకోనంటే ఒగ మాట. స్కూలు టీచరుది అడిగి ఇచ్చినా. టీ కొట్టాయనది ఇచ్చినా. మా మరిదిది ఇచ్చినా. ఇంగా ఒగామెకు నంబరు తక్కువ పడతాంది" అంది.

నా నంబరు ఇచ్చాను. ఆ విధంగా అరవై దాటిన నేను ప్రస్తుతం ప్రభుత్వ లెక్కల ప్రకారం ఏడో నెల గర్భిణిని. నా ఇల్లాలు ఈ మాట వీధిలో అత్తాకోడళ్లందరికీ చెప్పి నవ్వుతోంది, నవ్వనీ. వారానికోసారి పొద్దున కంప్యూటర్ మరగొంతు ఒకటి ఫోన్ చేస్తుంది. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారా, అవునైతే ఒకటి నొక్కండి, కాదంటే రెండు నొక్కండి అంటుంది. నేను ఏదీ నొక్కను. పెట్టేసి ఆశక్కకు ఫోన్ చేస్తాను. ఆమె ఆ ఇంటికి నడిచి పోయి, అడిగి, డబ్బాలో మాత్రలు లెక్కపెట్టి నాకు చెబుతుంది. మరగొంతు సాయంత్రం మళ్లీ చేస్తుంది, అప్పుడు నొక్కుతాను.

నిన్న డబ్బా ఖాళీగా ఉందంది, సాయంత్రం రెండు నొక్కాను. ఈరోజు పొద్దున్నే ఆశక్క మాత్రలు తీసుకుని ఆ ఇంటికి పోయింది.